సిగ్గుతోనే తొక్కిన సైకిలు

ఈ ఉదయం వరండా కడుగుతుంటే ఫినాయిల్ వాసన గుప్పుమంది. బకెట్ పక్కన పెట్టి కాసేపు గడప మీదే కూర్చుండిపోయాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది పైడమ్మత్త. కలకత్తా దగ్గర లిలువాలో మా పక్క వాటాలో ఉండేది. శ్రీకాకుళం నుంచి భర్త వెంట వచ్చి, ఆయన పోయాక ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరి, రోగుల మలమూత్రాలెత్తి ఇద్దరు కొడుకులను పెంచింది. ఇంటికి రాగానే ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసేది. అయినా ఆ వాసన ఆమె చేతులను వదిలేది కాదు. మాకేమీ చుట్టరికం లేదు. పెళ్ళయి కొత్తగా వచ్చిన నేను బెంగాలీ ఒక్క ముక్క రాక కూరల బండి ముందు వేలితో చూపిస్తూ నిలబడితే, వెనక నుంచి వచ్చి నా బదులు బేరం చేసింది. ఆ పూట నుంచి అత్తయింది. మెత్తగా మాట్లాడటం ఆమెకు తెలియదు. పలకరింపు కూడా కసురుకున్నట్టే ఉండేది.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం సాయంత్రాలు మమ్మల్ని సైకిలు మీద గంగ ఒడ్డుకు తీసుకెళ్ళేవారు. ముందు కడ్డీకి బిగించిన చిన్న సీటులో రెండేళ్ళ మా చిన్ని, వెనక క్యారియర్ మీద నేను. ఆ ఏడు వానల్లో ఆయన రేవు మెట్ల మీద జారిపడ్డారు. ఆపరేషన్ తర్వాత ఎముక అతుక్కుంది గానీ మోకాలు మాత్రం వంగలేదు. కర్ర పట్టుకుని నడవగలరు, సైకిలు తొక్కలేరు. సైకిలు గోడవారకు చేరింది. చిన్నికి ఇవేవీ తెలియవు. సాయంత్రమయ్యేసరికి చెప్పులు తొడుక్కుని దాని దగ్గర నిలబడి బెల్లు మోగించేది. ఆ చప్పుడు వింటే ఆయన లోపలి గదిలోకి వెళ్ళిపోయేవారు.

ఒక ఆదివారం అత్త అది చూసింది. నాకు తొక్కడం వచ్చా అని అడిగింది. మా ఊరు టెక్కలిలో బడికి సైకిలు మీదే వెళ్ళేదాన్నని చెప్పాను. మరెందుకు కూర్చున్నావంది. మొగుణ్ణి వెనక ఎక్కించుకుని ఆడది తొక్కితే వీధంతా చూస్తుందని, ఆయనకు తలవంపులని, నాకు చచ్చేంత సిగ్గని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"సిగ్గేస్తే ఏయనీ. సిగ్గుతోటే తొక్కు. అది పోయేదాక కూకుంతే ఈ గుంట పెద్దదైపోద్ది," అంది చిన్నిని చూపిస్తూ.

తర్వాత లోపలికెళ్ళి ఆయనతో చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన చొక్కా మార్చుకుని బయటికొచ్చారు. నా ముఖం వైపు చూడలేదు.

పెళ్ళికి ముందు కొనుక్కున్న చుడీదార్ వేసుకుని సైకిలెక్కాను. ఆయన వెనక పక్కకు తిరిగి కూర్చుని, వంగని కాలును ముందుకు చాపారు. అత్త మాకు ముందుగా నడుస్తూ ఆ వేళే వీధిలో అందరితోనూ తగువు పెట్టుకుంది. నీళ్ళు రాని కుళాయిని తిట్టింది, కూరల బండివాణ్ణి నిలదీసింది, ఎవరి కుక్కనో అదిలించింది. కిటికీల్లోంచి తొంగిచూసిన ముఖాలన్నీ ఆమె వైపే తిరిగాయి. ఇవాళే ఎందుకింత రభస అని అప్పుడు విసుక్కున్నాను. ఎందుకో అర్థమయ్యేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

పెద్దరోడ్డు దగ్గర ఆమె ఆగిపోయింది. ఆమె ఉన్నంతసేపూ బాగానే తొక్కినదాన్ని, టీకొట్టు ముందుకొచ్చేసరికి బెంచీ మీది మగవాళ్ళను చూసి తడబడ్డాను. ఆయన కాలు ఆగి ఉన్న తోపుడుబండికి తగిలింది. సైకిలు ఒరిగి ముగ్గురం వాననీటి గుంటలో పడ్డాం. చిన్ని నా ఒళ్ళోకే పడింది, దెబ్బ తగల్లేదు. ఎవరో పరుగున వచ్చి ఆయన్ను లేపారు. బెంచీ మీద నుంచి మాత్రం ఒక గొంతు నన్ను వదినా అని పిలుస్తూ, "బౌదీ, దాదాను ఒళ్ళో కూర్చోబెట్టుకోండి" అని బెంగాలీలో అంది. నవ్వులు. బురదలో నిలబడిన ఆ క్షణం భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సైకిలు ఇంటివైపు తిప్పాను.

చిన్ని ఒళ్ళంతా బురదతో చప్పట్లు కొట్టి, "మల్లీ, నానా, మల్లీ" అంది. పడటం కూడా షికారులో భాగమనుకుంది.

ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత మెల్లగా అన్నారు, "అటు తిప్పు. నది దగ్గరే కడుక్కుందాం."

ఆ నవ్వుల మధ్యలోంచే మళ్ళీ ఆయన్ను ఎక్కించుకుని తొక్కాను. ముఖం మండిపోతూనే ఉంది. ఘాట్ మెట్ల మీద బట్టలు ఆరబెట్టుకుంటూ కాగితం పొట్లంలో ఝాల్‌మురీ, కారం కలిపిన మరమరాలు, తిన్నాం. కారం తగిలి చిన్ని నాలుక బయటపెట్టి ఊదుకుంటుంటే ఆయన పకపకా నవ్వారు. రేవు మెట్ల మీద జారిపడ్డాక ఆయన నవ్వడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది.

మా బట్టలు చూసి అత్త పొయ్యి అంటించింది. నీళ్ళు కాచి తెచ్చింది. చిన్నికి స్నానం చేయిస్తూ, తను ఆయాగా చేరిన కొత్తల్లో ముసుగేసుకుని, చుట్టూ తిరిగి వెనక సందులోంచి ఇంటికొచ్చేదాన్నని చెప్పింది. ఆ సిగ్గు ఎప్పుడు పోయిందత్తా అని అడిగాను.

"పోనేదే. ఇప్పటికీ ఉంది. ఉంటే ఏటి? పనాగదు గదా."

అత్త పోయి రెండేళ్ళవుతోంది. సిగ్గు లేకుండా బతకడం ఆమె నాకు నేర్పలేదు, ఆమెకూ రాదు. మొన్న చిన్ని బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. లెక్కల్లో పిల్ల ఎందుకు వెనకబడిందో అడగాలని లేచి నిలబడ్డాను. నా బెంగాలీ వినగానే వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు వేడెక్కాయి. అడగాల్సింది పూర్తిగా అడిగి, జవాబు విని కూర్చున్నాను. పక్కన చిన్ని తల దించుకుని గౌను అంచు నలుపుతోంది. నా వల్ల దానికి సిగ్గేసింది. బయటికొచ్చాక సిగ్గుపడకు అని చెప్పలేదు. చెయ్యి చాపాను. కాస్త ఆలస్యంగా, చుట్టూ ఒకసారి చూసి, పట్టుకుంది.