కశింకోట పిల్ల ఎవరు బాబూ?

మొన్న నా పెళ్లిచూపుల్లో ఏమైందో చెబుతాను, ముందు టీ గ్లాసులు కింద పెట్టండి! ముక్కులోంచి వచ్చేస్తుంది, తర్వాత నన్నంటారు.

అమ్మాయి పేరు రమ్య. వాళ్లది అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల. ఫొటో చూసిన దగ్గర్నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇంక సన్యాసమే అనుకున్నాను. టెన్షన్‌తో పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. సరిగ్గా అనకాపల్లి వచ్చేసరికి కడుపు కాలింది. స్టేషన్ దగ్గర ఆటో ఆపించి, వేడి వేడి మిరపకాయ బజ్జీలు గబగబా మింగి, పైన గోలీసోడా పట్టించాను. చొక్కా మీద మరక పడకుండా మాత్రం చూసుకున్నాను, తెలివైనవాణ్ణి కదా!

వాళ్లింట్లో కూర్చున్నామో లేదో, "ఉద్యోగం ఎలా ఉంది బాబూ?" అన్నారు రమ్య వాళ్ల నాన్నగారు.

"బాగానే... హిక్!... ఉందండి."

రమ్య కాఫీ తెచ్చింది. "నమ... హిక్!... స్కారం" అన్నాను. తను పెదవి బిగబట్టింది.

మా తరఫు పెద్దమనిషి మా మావయ్య. నాచేత నీళ్లు తాగించాడు, ఊపిరి బిగబట్టించాడు, వీపు చరిచాడు. ఆగలేదు. "ఎవరో తలుసుకుంటన్నార్రా" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఏం పోయింది! చిన్నపిల్లలకి ఎక్కిళ్లొస్తే "పక్కింట్లో దొంగతనం చేశావంటగా" అని హడలగొడతాం చూడండి, ఆ వైద్యం గుర్తొచ్చింది మహానుభావుడికి. ఉన్నట్టుండి గుడ్లురిమి అరిచాడు.

"ఏరా! కశింకోట పిల్లకి మాటిచ్చి ఇక్కడికెందుకొచ్చేవురా?"

ఎక్కిళ్లు టక్కున ఆగిపోయాయి. ఇల్లంతా ఆగిపోయింది. రమ్య నాన్నగారి కాఫీ కప్పు గాల్లోనే ఉండిపోయింది.

"అబ్బే, ఎక్కిళ్లాగాలని అలా అన్నానండీ!" మావయ్య నవ్వాడు. ఆయనొక్కడే నవ్వాడు.

"కశింకోట పిల్ల ఎవరు బాబూ?" అన్నారు నాన్నగారు.

"ఏ పిల్లా లేదండీ! ఎక్కిళ్లండీ!"

ఇప్పుడు సాక్ష్యానికి ఒక్కటంటే ఒక్క ఎక్కిలి కావాలి. నీళ్లు గటగటా తాగాను. గాలి మింగాను. ఛస్తే రాదే! నా పెళ్లి నా కళ్లముందే లేచి వెళ్లిపోతోంది.

అంతలో "హిక్!" నాది కాదు. రమ్యది! నవ్వు ఆపుకుని ఆపుకుని తనకి పట్టుకున్నాయి.

మూల మంచం మీదున్న వాళ్ల నాయనమ్మ చటుక్కున లేచి కూర్చుంది. "ఏటే! బస్టాండులో ఎవుడితోనో ఐసుక్రీం తింతన్నావంట?"

రమ్య గతుక్కుమంది. ఎక్కిళ్లు మాయం! ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. "సూసేవా? ఎక్కిళ్లకి మందిదేరా. ఆ కుర్రోడి మీద అనుమానవేటి?"

నాన్నగారు పకపకా నవ్వేశారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది, దారిలో బజ్జీలు మింగిన సంగతి కూడా చెప్పేశాను.

బయల్దేరేటప్పుడు రమ్య ఓ బెల్లం ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. "గబగబా తింటే ఎక్కిళ్లు రాకేం చేస్తాయి? మళ్లీ వస్తే ఇది చప్పరించండి. మీ మావయ్యగారిని మాత్రం పిలవకండి" అంది.

నిన్న ఫోనొచ్చింది. వాళ్లకి ఇష్టమేనట!

ఆ బెల్లం తినబుద్ధి కాక చొక్కా జేబులో, గుండె దగ్గర దాచుకున్నాను. ఎక్కిళ్లు మళ్లీ రాలేదు గానీ, ఇవాళ ఆఫీసు మీటింగులో చీమలొచ్చాయి. మేనేజర్ ముందు చొక్కా విప్పి దులుపుకున్నాను!