బొమ్మ నుదుటి మీద బొట్టు

నాన్న డ్రాయింగ్ మాస్టారు. పెళ్లైన కొత్తలో ఆయన వేసిన అమ్మ బొమ్మని మ్యూజియానికి ఇద్దామనుకున్నాం. ఇచ్చేముందు దానికి విలువ కట్టించాలట. అందుకని ఈ రోజు ఒకాయన శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చారు. భూతద్దం పెట్టి అరగంట చూసి, బొమ్మ నుదుటి దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడ రంగు ఎవరో గోకేశారండీ. విలువ బాగా తగ్గిపోతుంది."

ఎలకలు కొరికుంటాయన్నాను, పెద్ద తెలిసినట్టు.

"ఎలకలు కాదు, నేనే గోకేసినాను బాబూ," అంది అమ్మ. "ఈళ్ల నాన్న పోయిన పదోరోజున నా బొట్టు తీసేసినారు. మరి దానికెందుకుంటాది?"

ఆయన భూతద్దం పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా, మ్యూజియంవాళ్లు ఆ బొట్టు మళ్లీ వేయించగలరని చెప్పారు.

అమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "అయితే దానికైనా బొట్టెట్టించండి బాబూ."

ఆయన 'నుదుటి మీద రంగు పోయింది' అని రాసుకుని వెళ్లారు.

నాన్న పోయి పదకొండేళ్లు. రోజూ అద్దం ముందు నిలబడి స్టిక్కర్ అంటించుకునే నాకు, అమ్మకి ఒకటి పెట్టాలని ఒక్కనాడూ తోచలేదు. మీ ఇంట్లో ఎవరికైనా తోచిందా?