ఖాళీ ఆసుపత్రికి దొరికిన రోగి

ఎనభైలలో తమిళనాడులోని బొమ్మిడి దగ్గరి మా ఊళ్ళో, కోతలప్పుడు ఇంటింటివాళ్ళూ చందాగా ఇచ్చే రాగులతోనే చిన్న ఆసుపత్రి నడిచేది. సాంస్కృతిక యాత్రకు వచ్చిన విదేశీయులు దాన్ని చూడవచ్చిన రోజే ఒక్క రోగీ లేడు.

"ఊరి మానం పోతాది. నువ్వు పండుకోరా, అబద్ధాలు నీకేమన్నా కొత్తా?" అని మా అత్త నన్ను మంచమెక్కించింది.

నేను కడుపునొప్పిని ఎంత రక్తి కట్టించానంటే, నర్సమ్మ నిజమనుకుని సూది పొడిచేసింది. నా కేకకు కప్పు మీది కాకులు సేలం దాకా ఎగిరిపోయాయి!

వచ్చినవాళ్ళలోని డాక్టరమ్మ ఖాళీ మంచాలన్నీ చూసి, "మీ రాగుల గొప్పతనం ఇదే, ఊరంతా ఆరోగ్యంగా ఉంది!" అని మురిసిపోయిందని దుబాసీ చెప్పాడు.

అత్త గిరుక్కున నా వైపు తిరిగింది. "లెయ్‌రా! నువ్వొక్కడివే ఊరి పేరు చెడుపుతా ఉండావు!"

ఇప్పటికీ ఆసుపత్రిలో ఖాళీ మంచం కనబడితే, సూది పడిన చోటు తడుముకుని అత్తను తలచుకుంటాను.