కుట్టుమిషన్ల వెబ్‌సైట్‌లో నాయకుల పేర్లు

ప్రొద్దుటూరులో నాకు కుట్టుమిషన్ల రిపేరు అంగడి ఉంది. దానికో వెబ్‌సైట్ పెట్టించాను. ఆరు నెలలైనా ఒక్క ఫోను రాలేదు. విసుగెత్తిపోయాను.

జనం ఎక్కువగా వెతికే మాటలు పేజీ అడుగున రాస్తే నెట్‌లో ముందుకొస్తావని ఎవరో చెప్పారు. అప్పుడు ఎన్నికల సమయం. జమ్మలమడుగులో తలపడుతున్న ఇద్దరు నాయకుల పేర్లూ, పక్కనే ‘ఫ్యాక్షన్’ అనే మాటా రాసేశాను.

పది రోజులకు అంగడి ముందు జీపు ఆగింది. నలుగురు దిగారు. వాళ్లలో పెద్దాయన తన ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

“మా అన్న పేరు కొడితే నీ అంగడి వస్తాంది. పక్కన ఫ్యాక్షన్ అని రాసినావు. ఏ పార్టీవోళ్లు రాయమన్నారప్పా?”

“ఎవురూ కాదన్నా. బేరాల్లేక నేనే రాసుకున్నా.”

వాళ్లు చూస్తుండగానే నా ఫోన్‌లో ఆ మాటలన్నీ తీసేశాను. పెద్దాయన వెళ్లబోతూ ఆగాడు.

“మా ఇంట్లో మిషన్ ఊరికే దారం తెంపుతాంది. ఆ మాట ఫోన్లో కొడితే నువ్వు యాడా కనపడవేందప్పా?”

మిషన్ దారం ఎందుకు తెంపుతుందో ఆ వారమే తెలుగులో వివరంగా రాసి పెట్టాను. నెల తిరక్కుండానే పులివెందుల నుంచి ఒకావిడ అది చదివి ఫోన్ చేసింది. నాకు తెలిసిన పని గురించి ఒక్క ముక్క రాయకుండా, ఎవరూ రావడం లేదని ఆరు నెలలు జనాన్ని తిట్టుకున్నాను.