ఒంటి బ్యాటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అసలు దేన్నైనా అంత సులభంగా నమ్మే మనిషిని కాను. హోసూరులో ఒక చిన్న కంపెనీలో కొనుగోళ్ళు చూసే పని నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాడు చెప్పేది అబద్ధం అనుకుంటూ కూర్చోవడానికే నాకు జీతం ఇస్తారు. సరుకు చేతికొచ్చినా విప్పి చూడందే సంతకం పెట్టను. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఇంకొకరికి జరిగిందని వింటే మొదట నవ్వేది నేనే. కాబట్టి ఎవరైనా నవ్వితే కోపం రాదు.

మా నాన్నకు కృష్ణగిరి బజారులో గాజుల అంగడి ఉండేది. నేను ఆ అంగడి గల్లాపెట్టె పట్టుకుని నడక నేర్చుకున్నాను. బేరం చేయడం నాకు ఎవరూ నేర్పలేదు, అది జలుబు లాగా అంటుకుంది. నేను కూరగాయలు కొంటూ ఉంటే నా భార్య కవిత కాస్త ఎడంగా, నేనెవరో తెలియనట్టు నిలబడుతుంది.

నాన్న ఎంతైనా తగ్గించేవాడు కానీ జతను మాత్రం విడదీసేవాడు కాదు. ఒక గాజు పగిలి జత చెడితే, మిగిలిన ఒంటి గాజును ఎవరు అడిగినా అమ్మేవాడు కాదు. ఎందుకని అడిగితే చెప్పేవాడూ కాదు. ఏదో వ్యాపార మర్మం అనుకుని వదిలేశాను.

మాకు ఒక్కతే కూతురు, హరిణి. నాలుగో తరగతి. బస్సు టిక్కెట్లు దాచుకుంటుంది, చాక్లెట్ కాగితాలతో బొమ్మలు చేస్తుంది, వెళ్ళిన ప్రతి చోటి నుంచీ ఒక రాయి తెచ్చి కిటికీలో పెడుతుంది. తన ఆటలన్నీ ఒక్కతే ఆడుకోగలిగినవి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. కవిత రోజూ బెంగళూరు వెళ్ళి వస్తుంది. సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి ఆమెకు మాట్లాడే ఓపిక ఉండదు, నాకు వినే ఓపిక ఉండదు.

అందుకే ఆదివారం మాత్రం పాపను ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఒప్పందం. కెలవరపల్లి డ్యాము, కొండ మీది గుడి, ఎక్కువసార్లు కృష్ణగిరి డ్యాము. పాప ఉయ్యాల ఊగుతుంది, మేమిద్దరం బెంచీ మీద కూర్చుని నిద్ర ఆపుకుంటాం. వేయించిన చేపల వాసన వస్తే ఒకరినొకరు లేపుకుంటాం. ఆదివారం కూడా ఒక షిఫ్టే. కాకపోతే ఆ షిఫ్టులో ఐస్‌క్రీం ఉంటుంది.

అలాంటి ఒక ఆదివారం డ్యాము పార్కులో ఎవరో తండ్రీకూతుళ్ళు షటిల్ ఆడుతున్నారు. హరిణి ఉయ్యాల దిగి వచ్చి, షటిల్ ఎటు పోతే అటు తల తిప్పుతూ చాలాసేపు చూసింది. తిరుగు దారిలో తనకూ బ్యాటు కావాలంది.

కృష్ణగిరి బజారులో ఆట సామాన్ల అంగడి ఒకటుంది. అంగడాయన నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగు. పాపను తీసుకుని కవిత బయట చెరకు రసం బండి దగ్గర నిలబడింది. బేరం మొదలైతే లోపలికి రాకపోవడం ఆమెకు అలవాటు. అంగడాయన ఒక కవరు దించాడు. అందులో పసుపు రంగు బ్యాట్లు రెండు, పిడికి ఎర్ర పట్టీ.

"ఒకటి చాలప్పా," అన్నాను.

"ఒంటి బ్యాటు అమ్మేది లేదప్పా. జత అది. మిగిలిందాన్ని నేనేమి చేసుకోవల్ల, దోమలు కొట్టుకోవల్లా?"

"మా పాప గోడకు కొట్టి ఆడుకుంటుంది."

"గోడకేమన్నా చేతులుండాయా, తిరిగి కొట్టేదానికి?"

ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా నేను తగ్గలేదు. రెండో బ్యాటు కొంటే దాన్ని పట్టుకునే చెయ్యి నాదే అవుతుందని నాకు తెలుసు. ఆ చెయ్యి సాయంత్రానికి అన్నం ముద్ద ఎత్తడానికే మూలుగుతుంది. లేచి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాక ఆయన దారికొచ్చాడు. పైగా ఒక షటిల్ కొసరుగా పుచ్చుకున్నాను. ఆయన మిగిలిన బ్యాటును నా ముందే మళ్ళీ కవరులో పెట్టి, పిన్నులు కొట్టి, పైన మేకుకు తగిలించాడు.

"మీ నాయన జత విడదీసినోడు కాదు," అన్నాడు చిల్లర ఇస్తూ. "నువ్వు ఆయనకంటే గట్టోడివప్పా."

దాన్ని పొగడ్త కిందే జమ వేసుకున్నాను.

మేముండేది రెండో అంతస్తులో, అద్దెకు. పైన మిద్దె. మిద్దెకు ఒక పక్క నీళ్ళ ట్యాంకును మరుగు చేస్తూ నా కంటే ఎత్తుగా ఒక గోడ కట్టి ఉంది. గోడకు చిన్న ఇనుప తలుపు, దాని తాళం కింద ఉండే ఓనరమ్మ దగ్గర. ఆ గోడకు కొట్టి ఆడుకోమని పాపకు చెప్పాను. మొదట్లో షటిల్ గోడకు తగలగానే చచ్చిన పిట్టలా కింద పడేది. పాప వంగి తీయడం, కొట్టడం, మళ్ళీ వంగి తీయడం. "ఇది తిరిగి రాదు నాయనా," అని ఏడుపు ముఖంతో కిందికి వచ్చేది. అలవాటవుతుందిలే అన్నాను.

కొన్ని రోజులకు ఏడుపు ఆగింది. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి మంచం మీద వాలితే పైన చప్పుడు వినిపించింది. టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. మొదటిది నా తల మీద, రెండోది ట్యాంకు వైపు, కొంచెం దూరంగా. ఇద్దరు ఆడుతున్నట్టు సమంగా నడుస్తోంది. పాప నవ్వు కూడా వినిపించింది. కిందికి వచ్చాక అడిగాను.

"ఎవురితో ఆడినావు?"

"అక్కతో."

"ఏ అక్క?"

"ఆ పక్క అక్క."

పక్కింటి పిల్ల కాబోలు అనుకున్నాను. పైసా ఖర్చు లేకుండా నా కూతురికి తోడు దొరికింది. అంగడాయన ఇచ్చిన షటిల్ కంటే ఇది పెద్ద కొసరు అనుకుని అటు తిరిగి పడుకున్నాను. ట్యాంకు వైపు ఇల్లే లేదు, తుమ్మ చెట్లు మొలిచిన ఖాళీ జాగా ఉంది. అది నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. అలసట అలాంటిది.

కవితకు జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజు విషయం బయటపడింది. ఆరిన బట్టలు తీయడానికి ఆమె మిద్దె మీదికి వెళ్ళింది. నేను ఇల్లు చేరేసరికి ఆ బట్టలు ఒళ్ళో పెట్టుకుని, మడవకుండా కూర్చుని ఉంది.

"పాప ఒక్కతే ఆడతాండాది," అంది. "షటిలు గోడకు తగిలి రాలేదు. గోడ మీంచి వస్తాండాది. నేను కండ్లారా చూసినాను."

"జ్వరంలో అట్లనే కనిపిస్తుంది."

"జ్వరం నాకు. షటిలుకు కాదు."

ఓనరమ్మను పిలిచి తలుపు తీయించాను. లోపల ట్యాంకు, దాని చుట్టూ ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత సందు. నేలంతా పచ్చటి పాచి. పాచి మీద కాలు పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు. "ఈడికెవురొస్తారప్పా? ట్యాంకు కడిగి ఎన్ని నెల్లాయెనో," అంది ఓనరమ్మ. హరిణి కూడా తొంగి చూసింది. "ఇప్పుడు లేదు. నేను బ్యాటు పట్టుకుంటేనే వస్తుంది," అని మామూలుగా చెప్పింది.

సరుకు పరీక్షించడం నా వృత్తి కదా. తలుపు వేయించి, పాప బ్యాటు తీసుకుని షటిల్‌ను గోడ మీదుగా అవతలికి కొట్టాను. కాసేపు నిలబడ్డాం. తిరిగి రాలేదు. తలుపు తీస్తే పాచి మీద పడి ఉంది. నాతో ఆడాలని అక్కడ ఎవరికీ లేదన్నమాట.

కవిత బ్యాటును బీరువా మీద, పాపకు అందని చోట పెట్టింది. మర్నాడు సాయంత్రం నేను మంచం మీద పడుకుని పైకప్పు వైపు చూస్తున్నాను. పైన టక్‌మంది. ట్యాంకు వైపు. తర్వాత, జవాబు రావలసినంతసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్. నా తల మీది చప్పుడు మాత్రం లేదు. వరండాలోకి వచ్చి చూస్తే హరిణి మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తోంది.

"కాచుకోనుండాది నాయనా. పాపం కదా," అంది.

చెమట పట్టిందని చెప్పడానికి సిగ్గుపడను. పైకి వెళ్ళాను. ఎండ ఇంకా పోలేదు. ఆరేసిన తువ్వాలు తప్ప మిద్దె మీద ఏమీ లేదు.

వచ్చిన ఆదివారం కృష్ణగిరి డ్యాముకు పోదామన్నాం. వారమంతా ఆదివారం కోసం ప్రాణం తినే పిల్ల, "మీరు పోయి రాండి, నేను ఈడనే ఉంటాను," అంది. చేపలన్నాం, ఐస్‌క్రీమన్నాం. తల ఊపలేదు. సరే, బయలుదేరితే అదే వస్తుందిలే అని కవిత చిత్రాన్నం కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి పాప లేదు. కుర్చీ బీరువా దగ్గర ఉంది. బీరువా మీద బ్యాటు లేదు.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. హరిణి మిద్దె అంచున పిట్టగోడ మీద నిలబడి ఉంది. ఒక చేత్తో బ్యాటు, ఇంకో చేత్తో ట్యాంకు గోడ చివర పట్టుకుని, గోడ అవతలికి తిరగడానికి ఒక కాలు గాలిలోకి చాపింది. కింద తుమ్మ చెట్లు. కేక వేస్తే జారుతుందని నోరు మూసుకుని వెళ్ళి, నడుము పట్టుకుని లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం. దానికి భయమే లేదు. నా వైపు విసుగ్గా చూసింది.

"యాడికే పోతాండావు?"

"అక్క ఈ పక్కకు రాలేదంట. నన్నే రమ్మనింది. ఆయక్క బ్యాటూ నా బ్యాటూ జతంట నాయనా. రెండూ ఒకే పక్కనుండల్లంట."

జత అనే మాట అంగడిలో విని ఉంటుందని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ బేరం జరుగుతున్నప్పుడు హరిణి లోపల లేదు, వాళ్ళమ్మ పక్కన చెరకు రసం తాగుతోంది. బ్యాటు కొని ఇంటికొచ్చాక కూడా జత మాట నేనెవరికీ చెప్పలేదు.

దయ్యం సంగతి నాకు తెలియదు కానీ బేరం సంగతి తెలుసు. ఆ మిద్దె మీద, పాపను ఒళ్ళో గట్టిగా పట్టుకుని, అవతలివాళ్ళ బేరం ఏమిటో అర్థం చేసుకున్నాను. రెండు బ్యాట్లు ఒకే వైపు ఉండాలి. ఇది అక్కడికి పోవాలి, లేదా అది ఇక్కడికి రావాలి. మధ్యలో ఇంకో ధర లేదు.

చిత్రాన్నం డబ్బాలో ఉండగానే ముగ్గురం కృష్ణగిరి బస్సెక్కాం. దారంతా పాప చెయ్యి వదల్లేదు. నేరుగా అంగడికి వెళ్ళి, "ఆ రెండో బ్యాటు ఇయ్యప్పా," అన్నాను.

"నేను చెప్తే విన్నావా?" అని నవ్వుతూ ఆయన మేకు మీది కవరు దించాడు. కవరు మీద దుమ్ము ఉంది. పిన్నులు ఆయన కొట్టినట్టే ఉన్నాయి. వాటిని ఊడదీసి బ్యాటు బయటికి తీసి, నవ్వు ఆపేశాడు.

తీగలు మధ్యలో పోగులు లేచి ఉన్నాయి. చట్రం అంచున రంగు లేచిపోయింది. పిడి మీది ఎర్ర పట్టీ చెమట పట్టి నల్లబడింది. ఆ నలుపులో వేళ్ళ గుర్తులు. చిన్న వేళ్ళు.

"దీన్ని దించనే లేదప్పా నేను," అన్నాడు. బ్యాటును అటూ ఇటూ తిప్పాడు. "పాతదాని మాదిరుండాది. తగ్గించి ఇస్తాను, తీసుకో."

"వద్దు. ఆ పొద్దు చెప్పిన ధరే తీసుకో."

బయట నిలబడిన కవిత అప్పుడు లోపలికి వచ్చింది. పెళ్ళయ్యాక నేను బేరం చేయకుండా ఒక వస్తువు కొనడం ఆమె చూడటం అదే మొదలు. నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రమే మిద్దె మీద ఆడాను. ఆ నల్లటి పిడి నా పిడికిట్లో ఇమడలేదు. అయినా ఆడాను. అప్పటి నుంచి రోజూ ఆడుతున్నాను. మోకాళ్ళు కలుక్కుమంటాయి, సగం షాట్లు గాలికి కొడతాను. "ఆయక్కే బాగా ఆడేది," అని హరిణి ముఖం మీదే అంటుంది. ఆదివారాలు మళ్ళీ డ్యాముకు వెళ్తున్నాం, బ్యాట్లు రెండూ తీసుకునే వెళ్తాం. ట్యాంకు వైపు చప్పుడు మళ్ళీ రాలేదు.

తాళం వేసిన సందులోంచి షటిల్‌ను తిరిగి కొట్టిందెవరో, పిన్నులు కొట్టిన కవరులో బ్యాటు ఎలా అరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కవితా నేనూ దాని గురించి మాట్లాడుకోము. తెలియదని ఒప్పుకోవడం నా వృత్తిలో చేతకానితనం. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఈమధ్య ఒక రోజు పనిలో ఆలస్యమైంది. వీధి మొదట్లోనే బండి ఆపి, చెవులు రిక్కించి, మిద్దె దాకా పరిగెత్తాను. హరిణి రెండు బ్యాట్లూ ఒళ్ళో పెట్టుకుని, ట్యాంకు గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"ఎవురి కోసరం చూస్తాండావు?" అన్నాను రొప్పుతూ.

గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"నీ కోసరమే," అంది.

ఆఫీసు బ్యాగు పక్కన పెట్టి, నా బ్యాటు అందుకున్నాను.