పాండా ఒడిలో ఆపిల్

పక్కింటివాళ్ళు ఇవాళ కంచె పొడుగునా పెరిగిన వెదురు కొట్టేయించారు. ఆ పచ్చి వాసన తగలగానే వాషింగ్టన్ జూలో పాండాల ఇల్లు గుర్తొచ్చింది. ఎనభైల్లో మాలాగే ఈ వర్జీనియా వైపు పెరిగినవాళ్ళు మర్చిపోయి ఉండరు. అద్దం వెనక పాండా మనిషిలా చతికిలబడి, కాళ్ళు చాపుకుని, పొద్దస్తమానం వెదురు నములుతూ ఉండేది. దానికి పిల్ల పుట్టిందని టీవీలో చెబితే ఎంత సంబరపడేవాళ్ళం! కొద్దిరోజులకే పోయిందని కూడా ఆ టీవీయే చెప్పేది.

అలాంటి ఒక వేసవిలోనే మా అమ్మకి కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ మాట్లాడటం మానేసింది. ఏం చేయాలో తోచక నాన్న మమ్మల్ని జూకి తీసుకెళ్ళాడు.

ఆ రోజు పాండా వెదురు ముట్టలేదు. ఒక ఆపిల్‌ని గుండెకి అదుముకుని, దాన్నే నాకుతూ కూర్చుంది. చుట్టూ జనం నవ్వుతున్నారు.

"అమ్మా, అది ఆపిల్ ఎందుకు ఈట్ చేయట్లేదు?" అన్నాను.

"అది ఆపిల్ అనుకోవట్లేదు కన్నా. తన పిల్ల అనుకుంటోంది," అంది అమ్మ.

నాన్న కంగారుపడి, "పద, కార్‌లో కూర్చుందాం," అన్నాడు.

అమ్మ అద్దం దగ్గర నుంచి కదల్లేదు. "ఆస్పత్రిలో బిడ్డని నాకు ఒక్కసారి చేతికి కూడా ఇవ్వలేదండీ. చూడకపోవడమే మంచిదన్నారు. మీరూ సరేనన్నారు."

నాన్న తల దించుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళు ఆ బిడ్డ మాట ఎత్తగా నేను ఎప్పుడూ వినలేదు. పుట్టింది తమ్ముడో చెల్లెలో నాకు తెలియదు. అడుగుదామంటే ఇప్పుడు ఇద్దరూ లేరు.