పురుగు తిన్న ఆకు

మా పెదనాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. జీవితమంతా పాస్‌పోర్టు ఫోటోలే తీశాడు. వెనక తెల్లబట్ట, ఎక్కడా నీడ పడకుండా రెండువైపులా లైట్లు, ఆపైన "గడ్డం కాస్త ఎత్తండి" అనే ఒక్క మాట. ఫోటో కడిగాక మొటిమలూ మచ్చలూ సన్న కుంచెతో మాయం చేసేవాడు. ఊళ్లో సగం మంది ఫోటోల్లోనైనా అందంగా ఉన్నారంటే ఆ పుణ్యం ఆయనదే. పిల్లలం ఆయన్ని తెల్లబట్ట పెదనాన్న అనేవాళ్లం.

స్టూడియో మూసేసిన ఏడాదే పెద్దమ్మ చూపు మందగించింది. ఇంటి వెనక తోట ఆమె ప్రాణం. ఇప్పుడది ఆమె కళ్లకు బూడిదరంగు ముద్ద. ఏది మొక్కో ఏది కలుపో తెలియక చేత్తో తడుముకునేది. చివరికి విసిగిపోయింది.

"కనపడని తోట నాకెందుకండీ. పీకించేసి సిమెంటు చేయించండి. బట్టలైనా ఆరేసుకుందాం."

తాపీమేస్త్రీకి కబురు కూడా పంపింది. అతను వచ్చే నెల వస్తానన్నాడు.

గోడమీది క్యాలెండర్లో పెద్ద నల్ల అంకెలు ఆమె చదవగలగడం పెదనాన్న గమనించాడు. తెలుపు మీద నలుపైతే ఆ కళ్లకు అందుతోంది. అంతే, అటక మీంచి తెల్లబట్ట దించాడు.

ఆ తర్వాత తోటలో ఆయన అవస్థ చూడాలి. కొమ్మ వెనక బట్ట కట్టి, కింద తెల్ల అట్ట పరిచి, నలుపు తెలుపుల్లో తీసేవాడు. ఫోటోలవాళ్లు దీన్ని హై కీ అంటారు. బొమ్మంతా వెలుగే, కావలసిన గీతలు మాత్రం నల్లగా. వినడానికి తేలికే. మొదట తీసినవి వట్టి తెల్లకాగితాలయ్యాయి. వెలుతురు కాస్త తగ్గిస్తే నీడలు మళ్లీ తయారు. మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదనీ, మబ్బు పట్టిన పొద్దుటి వెలుగే సమంగా పడుతుందనీ కిందామీదా పడి తెలుసుకున్నాడు. గాలికి కొమ్మ ఊగితే అలవాటు కొద్దీ "కదలకండి, గడ్డం ఎత్తండి" అనేవాడు. నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వయసులో, ఎవరూ అడక్కుండా, తనకొచ్చిన పనినే మళ్లీ మొదట్నుంచి అంత పంతంగా నేర్చుకున్న మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

మేస్త్రీ రానే వచ్చాడు. టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పెదనాన్న పలకంత ఫోటో తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆమె కిటికీ దగ్గరికెళ్లి దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుంది.

"ఇది గోడ పక్క గులాబీ కదూ," అంది. ఆమె వేలు కొమ్మ వెంట నడిచి ఓ ఆకు దగ్గర ఆగింది. "దీనికి పురుగు కొట్టిన చిల్లులుండాలే. నిన్న నా వేలికి తగిలాయి. ఏవీ?"

పెదనాన్న తల వంచుకున్నాడు. "కుంచెతో పూడ్చేశాను. చూడ్డానికి బాగుంటుందని."

"నా మొక్కేమైనా పాస్‌పోర్టుకి అప్లై చేసిందా? చిల్లులు కనపడకపోతే మందెక్కడ కొట్టాలో నాకెలా తెలుస్తుంది? ఉన్నదున్నట్టు మళ్లీ తీసుకురండి. పక్కన చామంతిది కూడా."

గిరాకీ తిట్టి ఫోటో వెనక్కిస్తే ఆయన అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తుడుచుకుంటూనే తోటలోకి పరుగు తీశాడు.

"మరి కొలతలు తీసుకోనా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

జవాబు తోటలోంచి వచ్చింది. "నువ్విటు రావయ్యా. ఈ బట్ట రెండో కొస కదలకుండా పట్టుకో."